ప్రాజెక్టుకు రాస్ప్‌బెర్రీ పై కావాలా, ఇఎస్‌పీ32 చాలా?

మా అనంతపురంలో ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు అనగానే తిరిగి తిరిగి రెండు ఐడియాల దగ్గరికే వస్తారు. ఒకటి, మట్టిలో తేమ చూసి డ్రిప్పుకు నీళ్లు వదలడం. రెండోది, వేరుశనగ ఆకును ఫొటో తీసి తిక్క ఆకుమచ్చ తెగులు ఉందో లేదో చెప్పడం. రెండింటికీ రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, పొట్టిగా 'పై') కొందామనే అంటారు, పేరు అంత పాకిపోయింది మరి. మొదటిదానికి మాత్రం అది శుద్ధ దండగ.

ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై బోర్డులో అనలాగ్ పిన్ను, అంటే ఎక్కువతక్కువలయ్యే వోల్టేజీని చదివేది, ఒక్కటీ లేదు. మామూలు తేమ సెన్సరు ఇచ్చేదేమో వోల్టేజీ, దాన్ని అంకెగా మార్చాలంటే ఎంసీపీ3008 లాంటి చిప్పు ఇంకొకటి పెట్టి, దానికి వైర్లు లాగి, లైబ్రరీ వేసి, ఇంత తతంగం. ఇఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డు అయితే ఆ పని తానే చేసుకుంటుంది, వైఫై లోపలే ఉంటుంది, కరెంటు పోయి వచ్చినా ప్రోగ్రాం దానంతటదే మొదలవుతుంది. పైలో నడిచేది లినక్స్ కాబట్టి ఎస్‌డీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోయిందంటే కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది, పొలాల దగ్గర కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? పైగా ఒక పై డబ్బుతో ఇఎస్‌పీలు చాలానే వస్తాయి. ఇఎస్‌పీకీ కొన్ని పేచీలున్నాయి: వైఫై వాడేటప్పుడు సెన్సరును 32 నుంచి 39 వరకు ఉన్న పిన్నులకే కలపండి, ఏడీసీ2 అనే రెండో గుంపు అనలాగ్ పిన్నులు అప్పుడు రీడింగ్ ఇవ్వవు. ఫోన్ హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, 5లో ఉంటే దీనికి కనబడదు.

ఆకు ఫొటోల ప్రాజెక్టుకు లెక్క తిరగబడుతుంది. పైథాన్, ఫొటోలను చదివే ఓపెన్‌సీవీ లైబ్రరీ, తెగులును గుర్తుపట్టేలా మీరు ట్రైనింగ్ ఇచ్చిన మోడల్, ఇవన్నీ బోర్డు మీదే నడవాలంటే పై కావాల్సిందే. కెమెరా ఉన్న ఇఎస్‌పీ32 క్యామ్ చవక కదా అంటారు. ఫొటో తీసి పంపడానికి భేషుగ్గా ఉంటుంది, కానీ ఆ సైజు మోడల్‌ను లాప్‌టాప్‌లోనే నడపాలి, అప్పుడు వైవాలో "తెగులు కనిపెట్టేది ఏదమ్మా?" అంటే లాప్‌టాప్‌నే చూపించాలి.

ఇక పైలో ఏది? 2019లో వచ్చిన పై 4, 4 జీబీది, విద్యార్థులకు సరిపోతుంది. 2023 నాటి పై 5 వేగమే, కానీ దానికి 5 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్ చెబుతారు, మీ ఫోన్ చార్జర్‌తో సరిపెడితే కుదరకపోవచ్చు. పాత ప్రాజెక్టుల కోడ్‌లో ఉండే ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ (పిన్నులను నడిపే) లైబ్రరీ కూడా పై 5 మీద పనిచేయదు, జీపీఐఓ జీరోకు మారాలి. సీనియర్ల కోడ్ కాపీ కొట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి! ఏది కొన్నా మే నెల ఎండల్లో హీట్‌సింక్, ఫ్యాన్ లేకుండా నడపొద్దు, చిప్పు 80 డిగ్రీలు దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది.

సెటప్‌కు మానిటర్, మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ కోసం హాస్టల్ అంతా తిరగక్కర్లేదు. ఇమేజర్‌లో (పై సిస్టమ్‌ను ఎస్‌డీ కార్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) కార్డు రాసేముందే యూజర్ పేరు, పాస్‌వర్డ్, వైఫై వివరాలు ఇచ్చి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) ఆన్ చేసుకుంటే లాప్‌టాప్ నుంచే లాగిన్ అవ్వచ్చు. పాత వీడియోలు చూసి యూజర్ పేరు "pi", పాస్‌వర్డ్ "raspberry" అని కొడుతూ కూర్చోకండి, 2022 నుంచి ఆ ఖాతా ముందుగా రావడం లేదు.

పిన్నుల విషయంలో మాత్రం రెండూ ఒకటే, 3.3 వోల్టులు దాటకూడదు, 5 వోల్టుల సెన్సరును నేరుగా కలిపితే బోర్డు పోవచ్చు. డ్రిప్పు ప్రాజెక్టు వాళ్లు బోరు మోటరును చిన్న రిలేకు (బోర్డు చెప్తే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చు) నేరుగా కలపొద్దు, త్రీఫేజ్ అయితే స్టార్టర్ ద్వారానే, అదీ ఎలక్ట్రీషియన్ చేత. వైవాకైతే 12 వోల్టుల చిన్న పంపు, ఒక బకెట్టు చాలు.