ముందు కిటికీ ఉన్న పాత క్యాంపింగ్ ట్రైలర్: పద్నాలుగేళ్ల వాడకం తర్వాత

ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లులాంటి ఈ ట్రైలర్‌లో మిగతావన్నీ ఒక ఎత్తు, ముందు గోడకున్న పెద్ద కిటికీ ఒక్కటీ ఒక ఎత్తు. డైనింగ్ బల్లకు ఎదురుగా దాదాపు ఐదడుగుల అద్దం. దాని మీద కప్పి ఉండే ఫైబర్‌గ్లాస్ మూతను పైకెత్తి రెండు కడ్డీలు ఆనిస్తే అదే చూరవుతుంది. వాన కురుస్తున్నా అద్దం తెరిచే ఉంచొచ్చు. దోసెల పొగ లోపల నిలవదు, తడిమట్టి వాసన మాత్రం లోపలికొస్తుంది. 2007 మోడల్, పందొమ్మిది అడుగులు, చెక్క చట్రం మీద అల్యూమినియం రేకు. 2011 నుంచి టెక్సస్‌లో వాడకం. స్టవ్, ట్యాంకుల లాంటివి మామూలువే. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే, దీన్ని ఉంచుకోవాలా, వదిలేయాలా అని.

ఆ ప్రశ్న తెచ్చిపెట్టింది కూడా ఆ కిటికీయే. ట్రక్కు వెనక గంటకు 60 మైళ్ల వేగంతో వానలో వెళ్తుంటే ముందు గోడ మీద పడ్డ నీళ్లు కిందికి జారవు. ఎదురుగాలి వాటిని అతుకుల్లోకి తోస్తుంది. కిటికీ చట్రానికీ రేకుకూ మధ్య నీరు దూరకుండా వేసే బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) టెక్సస్ ఎండకు ఏటికేడాది ఎండి బిగుసుకుపోతుంది. రేకు గాళ్లుగాళ్లుగా ఉంటుంది కాబట్టి ఆ గాళ్లలో టేపు ముందే పలచగా ఉంటుంది, మొదట నీరు దూరేది అక్కడే. దూరిన నీరు కిటికీ కింది మూల దగ్గర గోడలోని నిలువు చెక్క పట్టీని పట్టుకుని దిగుతుంది. లోపలి ఫైబర్ దూది తడిగుడ్డలా ఆ చెమ్మను పట్టి ఉంచుతుంది. లోపలివైపు పలచటి ప్లైవుడ్ మీద కాగితం అంటించి ఉంటుంది గనుక గోడ చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. మరక కనిపించేసరికి వెనక పట్టీ పుచ్చిపోయి ఉంటుంది.

మరకకన్నా ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. కిటికీ లోపలి చట్రం స్క్రూల కింద సన్నటి తుప్పు గీత పడుతుంది. బెంచీ మూత బందుల స్క్రూలు ఎంత బిగించినా పట్టవు. వారం మూసి ఉంచి తలుపు తీస్తే ముక్కిన వాసన కొడుతుంది. బెంచీ కింద సామాను తీసి, గోడ నేలను కలిసే చోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడాలి. మంచి చెక్క అయితే మొన దిగదు. ఇందులో ఎడమ మూల అర అంగుళం దిగింది, మొనతో పాటు ముక్కుపొడిలా నల్లటి పొట్టు వచ్చింది. తేమ మీటరు అక్కడ 31 శాతం చూపింది, అదే గోడ పై భాగంలో 11. నా లెక్కలో 15 లోపు ఉంటే నిశ్చింత. 20 దాటితే విప్పి చూడాల్సిందే.

బాగుచేత కష్టమేం కాదు, కానీ ఓపిక కావాలి. లోపలి చట్రం స్క్రూలు తీస్తే కిటికీ మొత్తం బయటికి ఊడి వస్తుంది, బయట ఒకరు పట్టుకోవాలి. మూలల పట్టీలు, రేకులు విప్పేటప్పుడు నంబర్లు వేసుకోవాలి. ఆరు నిలువు పట్టీలు, గోడ అడుగున ఉండే ఒక పట్టీ, రెండడుగుల నేల ప్లైవుడ్ మారాయి. అంగుళం వెడల్పు టేపు నాలుగు చుట్టలు పట్టింది, గాళ్లలో రెండు వరసలు వేయాలి. స్క్రూలు ఒకేసారి గట్టిగా బిగించకూడదు. మూడు రోజులు ఎండలో ఉంచి మళ్లీ బిగిస్తే టేపు చక్కగా నొక్కుకుని పక్కలకు పొంగుతుంది, ఆ పొంగును ప్లాస్టిక్ లప్పం కత్తితో కోసేయాలి. టేపు బదులు సిలికాన్ జిగురు మాత్రం వద్దు. ఒకసారి పూస్తే ఆ చోట ఇంకేదీ అంటదు. కిటికీ కింది గాడిలోని నీరు పోయే సన్నటి కంతల్లో మట్టి లేకుండా కూడా చూసుకోవాలి. మొత్తం నలభై గంటల పని. షాపులో అడిగితే గంటకు 150 డాలర్లన్నారు, ఆ లెక్కన కూలీయే ట్రైలర్ ధరను మించిపోతుంది.

రేకు ట్రైలర్ ఇంట్లోనే విప్పి కట్టుకోవచ్చని నేను చాలామందికి చెప్పాను. అది నిజమే గానీ చెక్కపని వచ్చి, పైన షెడ్డు ఉన్నవాళ్లకు మాత్రమే. కిటికీ విషయంలోనూ ఒక మాట దాచకూడదు. చాలా క్యాంప్‌సైట్లలో ట్రైలర్‌ను రివర్స్‌లో పెట్టాలి కాబట్టి చెరువు వెనకపక్కన ఉంటుంది, అంత అద్దంలోంచి కనిపించేది రోడ్డే. నేరుగా దూరి అవతలికి పోయే సైట్ దొరికినప్పుడే దాని అందం తెలిసేది.

టైర్లు, బేరింగులు, ఫ్రిజ్ పాడయ్యాయని ట్రైలర్‌ను వదులుకోనక్కర్లేదు. టైరు మీద 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనది. అరుగుదల లేకపోయినా ఆరేళ్లు నిండితే మార్చేయడమే. ఫ్రిజ్ వెనక పసుప్పచ్చ పొడి, అమోనియా ఘాటు కనిపిస్తే దాని కూలింగ్ యూనిట్ పని అయిపోయినట్టే, దాని చోట 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకోవచ్చు. ఇవన్నీ విడిగా మార్చుకునేవి.

గోడల చెక్క చట్రానికీ నేలకూ పట్టు పోతే మాత్రం ఆశ వదులుకోవాలి. గోడలు నేల అంచు మీద స్క్రూలతో నిలుస్తాయి, నేల దాని కిందున్న ఇనుప ఛాసిస్‌కు (చక్రాల మీది దూలాల చట్రానికి) బోల్టులతో పట్టి ఉంటుంది. పుచ్చు ఆ బోల్టుల దాకా పాకితే పెట్టె రోడ్డు మీద ఊగుతుంది, ఊగినకొద్దీ అతుకులు తెరుచుకుంటాయి, ఇంకా నీళ్లు దిగుతాయి. టంగ్ (ట్రక్కుకు తగిలించే ముందు ఇనుప భాగం) దగ్గర వెల్డింగ్ చీలినా, ఇనుప దూలం పొరలుపొరలుగా ఊడుతున్నా అంతే. అప్పుడు కొత్త పట్టీలు వేయడం డబ్బు దండగ. కిటికీ, తలుపు, ఆక్సిల్ విడిగా అమ్ముడవుతాయి, మంచి ఛాసిస్ సామాన్ల ట్రైలర్‌గా పనికొస్తుంది. పూర్తిగా అమ్మితే పుచ్చు సంగతి కొనేవాళ్లకు చూపించే అమ్మాలి. కొన్ని ప్రైవేటు పార్కులు పదేళ్లు దాటినవాటిని రానివ్వవు, స్టేట్ పార్కుల్లో ఆ బెడద లేదు. మాకు స్టేట్ పార్కులే చాలు కాబట్టి వయసు అడ్డు కాలేదు.

ఎడమ మూలను బాగుచేశాక రెండు వానాకాలాలు గడిచాయి, అక్కడ మీటరు 12 దగ్గరే ఉంది. కుడి మూల ఈ మార్చిలో 17 చూపింది, బోల్టుల దగ్గర చెక్క ఇంకా గట్టిగానే ఉంది. అక్టోబరులో మళ్లీ కొలుస్తాను. 20 దాటి మొన దిగితే ఈసారి పట్టీలు కొనను. ఆ కిటికీని ఒక్కదాన్నీ జాగ్రత్తగా విప్పి దాచుకుని, మిగతాది ఛాసిస్ దాకా విప్పేస్తాను.