గుడ్డు పగలని కుషన్ కొని ఒళ్ళు పాడుచేసుకున్నాను, వీల్‌చైర్ వాళ్ళూ జాగ్రత్త

బోర్లా పడుకుని ఫోన్‌లో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎందుకు బోర్లా పడుకోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ పోస్టు.

ఎవడి దగ్గర కొన్నానో పేరు రాయను. వీల్‌చైర్ సామాను కోసం ఫోన్‌లో ఒక్కసారి వెతికినా చాలు, వాడి వీడియో మీ వెంటపడుతుంది. నీలం రంగు జెల్ కుషన్, దాని మీద కోడిగుడ్డు, ఒక భారీ మనిషి వచ్చి ధబాలున కూర్చుంటాడు, లేచి గుడ్డు చేతిలో పట్టుకుని పళ్ళన్నీ చూపిస్తాడు. ఆఁ, వాడే.

నా పాత ఫోమ్ కుషన్ పని అయిపోయింది. బొటనవేలితో నొక్కితే గుంట గుంటలాగే ఉండిపోతోంది. మార్చాలని తెలుస్తూనే ఉంది, రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాను. ఆరేళ్ళుగా రోజుకి పది పన్నెండు గంటలు ఈ కుర్చీలోనే ఉంటాను. నడుము కింద స్పర్శ లేదు. కొత్తగా కుర్చీ ఎక్కినవాళ్ళకి అది చూసుకోండి, ఇది చూసుకోండి అని జాగ్రత్తలు చెప్పే పెద్దరికం కూడా నాదే. అలాంటి నేను రాత్రి పన్నెండింటికి నిద్రకళ్ళతో ఆ వీడియో చూసి ఆర్డర్ పెట్టేశాను. గుడ్డే పగల్లేదు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

పార్సిల్ వచ్చింది. చూడటానికి ముద్దుగానే ఉంది. పాతది రెండు అంగుళాలు, ఇది నాలుగు. మందం పెరిగితే సుఖం పెరుగుతుందని మురిసిపోతూ ఎక్కి కూర్చున్నాను. పాదాలు ఫుట్‌రెస్ట్‌కి ఆనలేదు, కాలివేళ్ళు మాత్రం తగులుతున్నాయి. పాదాలు ఆనకపోతే కాళ్ళ బరువంతా తొడల కింద పడుతుంది, మనిషి ముందుకి జారిపోతూ ఉంటాడు. ఆర్మ్‌రెస్టులు కూడా కిందికి దిగిపోయినట్టయ్యాయి. మోచెయ్యి ఆనించాలంటే ఒక పక్కకి ఒరగాలి. చక్రం తిప్పాలంటే చెయ్యి ఇంకా కిందికి చాచాలి. సాయంత్రానికి భుజాలు పట్టేశాయి. అయినా తప్పు కుషన్‌ది కాదన్నట్టు, కుర్చీదే అన్నట్టు, స్పానర్ తెప్పించుకుని ఫుట్‌రెస్ట్‌లు పైకి బిగించాను. వాడి సరుకుకి తగ్గట్టు నా కుర్చీని మార్చాను చూడండి, అంత తెలివి నాది.

మూడో రోజు రాత్రి అక్క ఒళ్ళు చూసింది. రోజూ పడుకునే ముందు చూస్తుంది. నేనూ అద్దం పెట్టి చూసుకుంటాను కానీ ఆమె కన్ను వేరు. "ఇదేంటే, ఇక్కడ ఎర్రగా ఉంది?" అంటూ వేలితో నొక్కి వదిలింది. మామూలు ఎరుపయితే నొక్కినచోట తెల్లబడి మళ్ళీ రంగు వస్తుంది. ఇది తెల్లబడలేదు. ఎడమ పిర్ర ఎముక మీద, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. చెయ్యి పెడితే చుట్టుపక్కల కంటే వేడిగా ఉందట. ఒకేచోట ఒత్తుకుని వచ్చే పుండుకి మొదటి మెట్టు అదే. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ రాత్రే నన్ను ఒక్క నిమిషం మళ్ళీ దాని మీద కూర్చోబెట్టి, కుషన్‌కీ సీటుకీ మధ్య అరచెయ్యి వెల్లకిలా దూర్చింది. నా ఎముక దాదాపు ఆమె వేళ్ళకే తగిలింది. నాలుగు అంగుళాల కుషన్ కింద! నన్ను పడుకోబెట్టి జిప్పు లాగి చూస్తే అసలు బండారం బయటపడింది. వీడియోలో పై నుంచి కింద దాకా తేనెపట్టు గడుల జెల్. నాకొచ్చిన దాంట్లో పైన అట్టముక్క మందం జెల్ షీటు, దాని కింద రెండు స్పాంజి ముక్కలు. అవి కూడా ఒకే ముక్క కాదు, జిగురుతో అతికించినవి. అతుకు ఎక్కడొచ్చింది? సరిగ్గా పిర్ర ఎముకల కిందికి. గట్టిపడిన జిగురు గీతని గోటితో గీకితే కరకరమంది.

ఇంకో మాట. వాడు వీడియోలో చూపించిన సరుకే పంపినా, ఆ గుడ్డు పరీక్షకి అర్థం లేదు. గుడ్డు నున్నగా వెళ్ళి గడిలో దూరి కూర్చుంటుంది, కూర్చున్నవాడి బరువు చుట్టూ ఉన్న గడుల మీద పడుతుంది. నా ఎముక గడిలో దూరదు కదా. ఈ మాత్రం లెక్క ఆ రాత్రి తట్టలేదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. నాలుగు రోజులుగా చెవిలో తిరుగుతోంది. ఆర్డర్ పెట్టిన మర్నాడే కుషన్ అమ్మినవాడికి ఫోన్ చేసి, నాకు స్పర్శ లేదు, రోజంతా కూర్చుంటాను, సరిపోతుందా అని అడిగాను. "మీలాంటి వాళ్ళ కోసమే మేడమ్" అన్నాడు. ఇప్పుడు ఎరుపు వచ్చింది, లోపల సరుకు వేరే ఉంది అని చెబితే ఏమన్నాడో తెలుసా?

"స్పర్శ లేదని మీరే అన్నారు కదా మేడమ్. మరి గట్టిగా ఉందో మెత్తగా ఉందో మీకెలా తెలిసింది?"

పైగా చిన్న నవ్వు. పాయింటు పట్టేశానన్న నవ్వు.

నాకు మాట రాలేదు. మామూలు మనిషి కుర్చీలో ఒకచోట ఒత్తుకుంటే తనకి తెలియకుండానే అటూ ఇటూ జరుగుతాడు. ఒళ్ళే చెబుతుంది. నాకు ఆ కబురు రాదు. అందుకే కుషన్ మీద ఆధారపడతాను, అందుకే పదిహేను, ముప్ఫై నిమిషాలకోసారి ముందుకి వంగో, పక్కకి ఒరిగో పిర్ర ఎముకల మీద బరువు తగ్గించుకుంటాను. స్పర్శ లేని మనిషికే కదా మంచి కుషన్ కావాల్సింది! ఇవన్నీ వాడికి చెప్పాలని నోరు తెరిచేలోపు ఇంకోటి అన్నాడు. "పక్కన ఎవరైనా ఉంటే ఫోన్ ఇవ్వండి, వాళ్ళతో మాట్లాడతాను." కాళ్ళు పనిచేయకపోతే బుర్ర కూడా పనిచేయదని లెక్క. ఇచ్చాను. అదీ నా తప్పే, ఇవ్వకుండా ఉండాల్సింది.

అక్కతో మాత్రం గొంతు మారిపోయింది. అమ్మా, ఒంటికి తగిలే వస్తువు, కవరు తీశాక వెనక్కి తీసుకోకూడదమ్మా, మీరు పంపిన ఫొటోలో కూర్చున్న గుర్తు కూడా కనిపిస్తోందమ్మా అన్నాడు. కుషన్ మీద కూర్చోకుండా తలకి కట్టుకుని తిరగాలేమో. చివర్లో పెద్ద మనసుతో సలహా కూడా ఇచ్చాడు. మధ్యలో చిల్లున్న రింగు కుషన్ దాని మీద వేసుకుంటే ఎరుపు తగ్గిపోతుందట, అది కూడా వాడి దగ్గరే దొరుకుతుందట! అది అస్సలు కొనకండి. చిల్లు చుట్టూ ఉన్న ఒళ్ళు ఒత్తుకుని, మధ్యలోకి రక్తం సరిగా రాదు. ఒత్తిడి పుండ్ల గురించి వైద్యులు రాసిన మార్గదర్శకాల్లోనే రింగు వాడొద్దని ఉంది.

కొనేవాళ్ళు కాస్త గుర్తుపెట్టుకోండి. స్పర్శ లేనివాళ్ళయితే వీడియో చూసి కొనకండి, ఫిజియోథెరపిస్టునో, సీటింగ్ తెలిసినవాళ్ళనో అడగండి. వచ్చిన రోజే జిప్పు తీసి లోపల ఏముందో చూడండి, కవరు విప్పడం దగ్గర నుంచి వీడియో తీసుకోండి. కూర్చున్నాక అరచెయ్యి పరీక్ష చెయ్యండి. గాలి కుషన్ అయితే ఎముకకీ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా ఖాళీ ఉండాలి. గాలి ఎక్కువ కొడితే అది కూడా గట్టి సీటే. కుషన్ మందం మారితే ఫుట్‌రెస్ట్, ఆర్మ్‌రెస్ట్ రెండూ చూసుకోవాలి. మెత్తగా ఉంటుందని పైన తువ్వాళ్ళు మడిచి వేయకండి, ఆ మడతలే ఒత్తుకుంటాయి. ఒంటిరంగు ముదురుగా ఉన్నవాళ్ళకి ఎరుపు కనిపించకపోవచ్చు, వేడి, గట్టిదనం చేత్తో చూడండి. మచ్చ కనిపిస్తే దాని మీద మళ్ళీ కూర్చోకండి, రుద్దకండి, డాక్టర్‌కి చూపించండి.

నాది ఈరోజు కాస్త పాలిపోయిందని అక్క అంటోంది. డాక్టర్ ఇంకొన్నాళ్ళు కూర్చోవద్దన్నారు. కుర్చీ గుమ్మం పక్కనే ఉంది, ఫుట్‌రెస్ట్‌లు ఇంకా వాడి కుషన్ ఎత్తుకే బిగించి ఉన్నాయి.