షూటింగ్ పని మీద కోనసీమ: బస, వెలుతురు, రేవు

స్నేహితులు తీస్తున్న చిన్న సినిమాకు చేతనైన సాయం చేద్దామని ఫిబ్రవరిలో విజయవాడ నుంచి కారులో కోనసీమ వెళ్లాం. వెనక సీటు నిండా లైటు స్టాండ్లు, థర్మోకోల్ షీట్లు, గుడ్డల మూటలు. సిద్ధాంతం దగ్గర గోదావరి పాయ వశిష్ఠను దాటి రావులపాలెం చేరేదాకా జాతీయ రహదారి గురించి చెప్పుకోవలసిందేమీ లేదు.

నన్నడిగితే ఇక్కడ ముందు నెల ఎంచుకోవాలి, ఆ తర్వాతే లొకేషన్. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలినంత కాలమే కాలువలకు కళ. వేసవిలో మరమ్మతుల కోసం వాటిని కట్టేస్తారు. నిండు కాలువ సీను రాసుకుని మే నెలలో దిగినవాళ్లకు దొరికేది బురదే. వరదల రోజుల్లో లంకల దారులు మునుగుతాయి, మనుషుల్నీ బళ్లనూ నది దాటించే పంట్లు ఆగిపోతాయి. ఫిబ్రవరిలోనైతే దాళ్వా, అంటే రెండో పంట వరి చేలు పచ్చగా ఉంటాయి, తెల్లవారుజామున పల్చగా మంచు పడుతుంది. ఒకటే జాగ్రత్త: మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం, అంటే జాతర. ఆ రోజుల్లో రాజోలు, మలికిపురం వైపు గది దొరకదు, సఖినేటిపల్లి రోడ్డు మీద బండి కదలదు. మావాళ్లు తీర్థం అయ్యాకే తేదీలు పెట్టుకున్నారు.

మొదటి రాత్రి నది ఒడ్డున ఒక రిసార్టులో దిగాం. కిటికీ తెరిస్తే గోదావరే. కుటుంబంతో వచ్చేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? యూనిట్‌కు మాత్రం పనికిరాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరదామంటే గేటు తాళం తీసే మనిషి లేడు, టీ చుక్క దొరకదు. మర్నాడే అమలాపురంలో బస్టాండుకు దగ్గరగా ఉన్న లాడ్జికి మారిపోయాం. గదులు ఇరుకే, దుప్పట్లు పాతవే. కానీ ఎంత పొద్దుపోయి వచ్చినా వేడినీళ్లు ఇచ్చారు, బ్యాటరీలన్నీ చార్జింగ్ పెట్టుకోవడానికి వరండాలో ప్లగ్గులు చూపించారు. ముమ్మిడివరం, అంబాజీపేట, పాశర్లపూడి, ఎటు వెళ్లాలన్నా అక్కడి నుంచి దగ్గరే. షూటింగ్‌కు వచ్చేవాళ్లకు నేను ఇలాంటి బసే చెబుతాను.

అంబాజీపేటలో ఉదయం టిఫిను పొట్టిక్కలు. పనసాకులను కొబ్బరి ఈనెలతో కుట్టిన చిన్న బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలుస్తుంటే వచ్చే పనస వాసన చట్నీ కన్నా ముందు ఆకలి పుట్టిస్తుంది. పులస మాత్రం వరదనీటికి ఎదురీదే చేప. ఫిబ్రవరిలో ఎవరైనా పులస పులుసు అంటే నమ్మకండి.

కొబ్బరితోట కంటికి ఎంత అందమో కెమెరాకు అంత పేచీ. మట్టల సందుల్లోంచి దిగే ఎండ ముఖం మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది. గాలి వీస్తే ఆ మచ్చలు కదులుతాయి, ఒక షాట్‌కు ఇంకో షాట్‌కు పొంతన కుదరదు. నటి నిలబడే చోట పైన తెల్లగుడ్డ కట్టాలి, మా స్టాండ్లేమో ఆ ఎత్తుకు చాలవు. తోటలో దింపు తీస్తున్న, అంటే కాయలు కోస్తున్న ఆయన మా అవస్థ చూసి, మోకుతాడు వేసుకుని చెట్టెక్కి గుడ్డ కొసలు కట్టి దిగాడు. "అమ్మాయిగారిని ఆ చెట్టు కింద నిలబెట్టకండి బాబూ, గెల ముదిరిపోయింది" అని కూడా చెప్పాడు. లైటింగ్ మొత్తం రెండడుగులు పక్కకు జరిపాం. ఆ పూట తీసిన సీన్లే నాకు అన్నిటికన్నా నచ్చాయి.

మాటలున్న సీన్లు మలికిపురం వైపు రాత్రిపూట పెట్టుకోవద్దు. ఆక్వా చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల హోరు ఆగదు, మైకు దాన్నంతా పట్టేస్తుంది.

గట్టు మీద మహావృక్షం కావాలని దర్శకుడి కోరిక. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో అందరూ సినిమా చెట్టు అని పిలుచుకున్న నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయింది. తెర మీద గోదావరి అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చెట్టే. దాని బదులు ఇంకో చెట్టును వెతకడం నాకు మనస్కరించలేదు, ఆ మాటే చెప్పాను. ఆ సీనును సఖినేటిపల్లి రేవులో పంటు మీద తీశారు.

ఆ పంటు మీద కార్లు కూడా ఎక్కుతాయి, అవతల దిగితే నరసాపురమే. నీటి మీద ఆ కాసేపూ ఎంతో హాయి. అయితే అది వచ్చేదాకా ఒడ్డున నిలబడాలి, టైము మన చేతిలో ఉండదు. సామాను వ్యాను ఉన్నవాళ్లు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు వెళ్లడమే మేలు. మేమూ వ్యానును వంతెన మీదుగా పంపి, నటీనటులను మాత్రం పంటు ఎక్కించాం.