కాంగ్రెస్ ఆఫీసు ఇమ్మిగ్రేషన్ సాయం: 5కి 3.5

అమెరికాలో యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర కేసు ఇరుక్కుంటే, మీ ప్రాంతం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, ఎన్నికైన సభ్యుడి ఆఫీసు ద్వారా ఆరా తీయించుకోవచ్చు; పైసా ఖర్చు లేకుండా వాడుకోదగ్గ సేవ ఇది. సిటిజన్ కానక్కర్లేదు, ఆ నియోజకవర్గంలో నివాసముంటే చాలు. ఫోన్ వాషింగ్టన్‌కు కాదు, స్థానిక ఆఫీసుకు చెయ్యండి; కేస్‌వర్కర్లు ఎక్కువగా ఉండేది అక్కడే.

తంటా అంతా ప్రైవసీ రిలీజ్ ఫారంతోనే (మీ కేసు వివరాలు ఆ ఆఫీసుకు చెప్పొచ్చని మీరిచ్చే అనుమతి పత్రం). అది లేనిదే మీ ఫైలు గురించి కాంగ్రెస్ ఆఫీసుకు యూఎస్‌సీఐఎస్‌లో ఎవరూ నోరు విప్పరు. 3 అక్షరాలు, 10 అంకెల రసీదు నంబరు ఒక్కటి తప్పినా వెనక్కి వస్తుంది. సంతకం టైపు చెయ్యకండి, చేత్తో పెట్టి స్కాన్ చెయ్యండి. ఐ-140 (ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) వేసింది కంపెనీ కాబట్టి అక్కడ మీ సంతకం ఒక్కటే సరిపోకపోవచ్చు.

కాంగ్రెస్ రెండు సభల్లోని మీ సభ్యులకు, అంటే సెనేటర్‌కీ, హౌస్ సభ్యుడికీ, ఒకేసారి అర్జీ పెడితే వేగం పెరగదు, గందరగోళం పెరుగుతుంది. మామూలు ప్రాసెసింగ్ గడువు దాటకముందే అడిగితే వచ్చేది "పరిశీలనలో ఉంది" అనే ముక్తసరి జవాబే (ఆ మాట వెబ్‌సైటే చెబుతుంది). ఉద్యోగం పోయే ప్రమాదమో, ఇంట్లో తీవ్ర అనారోగ్యమో ఉంటే ఎక్స్‌పెడైట్ (కేసును త్వరగా తేల్చడం) అడగొచ్చు. కంపెనీ లేఖ, డాక్టర్ లేఖ జతచేయాలి.

తిరస్కరణను మాత్రం కాంగ్రెస్ ఆఫీసువాళ్లు మార్చలేరు. ప్రయారిటీ డేట్‌ను (గ్రీన్‌కార్డు క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) ఒక్కరోజు కూడా ముందుకు జరపలేరు.