అనెసీ యానిమేషన్ పండుగ: నా నాలుగు స్టార్లు జ్యూరీకే

హైదరాబాద్ స్టూడియోలో కంపోజిటింగ్ (విడివిడిగా తయారైన బొమ్మల పొరల్ని ఒకే ఫ్రేములో కలపడం) చేస్తాను. అందుకే ఫ్రాన్స్‌లోని అనెసీకి వెళ్లినా సినిమాల లిస్టు కన్నా ముందు జ్యూరీ పేజీ తిరగేశాను. 1960లో మొదలైన పండుగ ఇది. ఫీచర్లకు ఒక జ్యూరీ, షార్టులకు ఒకటి, టీవీ, కమిషన్డ్ చిత్రాలకు (యాడ్‌ల్లాగా ఎవరో ఆర్డరిచ్చి చేయించుకునేవి) ఇంకొకటి. ఇది చాలా నచ్చింది. యాడ్ ఫిల్మును, గంటన్నర సినిమాను ఒకే తక్కెడలో తూస్తే ఎలా?

డైరెక్టర్ జడ్జి అయితే టైమింగ్ పట్టుకుంటాడు. ప్రొడ్యూసరుకు ‘ఇంత తక్కువ డబ్బుతో ఎలా లాగారబ్బా’ అన్నది కనిపిస్తుంది. పండుగలకు సినిమాలు ఎంపిక చేసేవాళ్లు ఏడాదంతా చూస్తూనే ఉంటారు కాబట్టి కొత్తదేదో, కాపీ ఏదో ఇట్టే చెప్పేస్తారు. సంగీతం వాళ్లుంటే మరీ మంచిది, మనం బొమ్మ చూస్తూ శబ్దం మర్చిపోతాం.

నా కోరికల్లా ఒకటే: ఒక రిగ్గర్‌నో (బొమ్మ కదలడానికి లోపల ఎముకల్లాంటి అమరిక చేసేవాళ్లు), లేఅవుట్ ఆర్టిస్టునో (సీన్లో ఏది ఎక్కడుండాలో అమర్చేవాళ్లు) కూడా ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. (కంపోజిటర్ అని అడగట్లేదులెండి, స్వార్థం అంటారు.)

వెళ్లేవాళ్లకు: పండుగతో పాటు జరిగే యానిమేషన్ వ్యాపార మేళా ‘మిఫా’ మార్కెట్‌కు పాస్ వేరు. షో మొదలయ్యే ముందు హాల్లో కాగితం విమానాలు ఎగరేస్తారు, కంగారు పడకండి, మీరూ ఒకటి మడిచి వదలండి.