ఆరేళ్లు నాతో సముద్రంలో తిరిగిన కెమెరా: ఒలింపస్ టీజీ-6 సమీక్ష

2019 చివర్లో ఈ కెమెరా కొన్నాను. అప్పటికి నా లాగ్‌బుక్కులో 31 డైవులే ఉన్నాయి. ఇప్పుడవి 240 దాటాయి. కోవిడ్ వల్ల సముద్రం ముఖం చూడని నెలలు తీసేస్తే, నీళ్లలోకి దిగిన ప్రతిసారీ దాదాపు ఇదే నా చేతిలో ఉంది. విశాఖలో రుషికొండ ఎదుటి రాతి దిబ్బలు, కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి పడవలో వెళ్లే నేత్రాణి దీవి, అన్నిటికన్నా ఎక్కువగా అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్. హావ్‌లాక్, నీల్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. కొత్తగా డైవింగ్ నేర్చుకున్నవాళ్లు ఏ కెమెరా కొనాలని తరచుగా అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పలేక ఇంత రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. గోరంత ప్రాణిని దగ్గర నుంచి తీయాలంటే ఇంత చిన్న కెమెరాల్లో దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. పెద్ద పగడపు దిబ్బనో, దూరంగా వెళ్తున్న చేపల గుంపునో తీయాలంటే మాత్రం ఇది నిరాశపరుస్తుంది. ఈ రెండూ తెలిసి కొన్నవాళ్లు సంతోషంగా ఉంటారు. నాకు కొన్నప్పుడు రెండూ తెలియవు.

ఇది జేబులో పట్టే కెమెరా. 12 మెగాపిక్సెళ్లు, సెన్సర్ చిన్నది, లెన్స్ వెలుతురును బాగా రాబట్టే ఎఫ్/2.0. ఏ తొడుగూ లేకుండా 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది. పీటీ-059 అనే హౌసింగులో, అంటే నీరు చొరని గట్టి పెట్టెలో, పెడితే 45 మీటర్ల వరకు తీసుకెళ్లవచ్చు. డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు చేసినవారికి 18 మీటర్లు, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ చేసినవారికి 30 మీటర్లు హద్దు కాబట్టి ఆ 45 మనకు చాలినంత. రా ఫైళ్లు, అంటే తర్వాత రంగులు సర్దుకోవడానికి వీలుగా ఉండే ముడి ఫొటోలు, ఇస్తుంది. నీటిలో తీసినవాటికి ఇది తప్పనిసరి అవసరం, ఎందుకో తర్వాత చెబుతాను. దీని అసలు గొప్పతనం మైక్రోస్కోప్ మోడ్. లెన్స్ ముందు అద్దానికి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్నదాని మీద కూడా ఫోకస్ చేస్తుంది.

మొదటి అండమాన్ ప్రయాణంలో దాదాపు నాలుగు వందల ఫొటోలు తీశాను. సాయంత్రం గదిలో చూసుకుంటే అన్నీ ఒకే నీలం. కళ్లారా చూసిన సముద్రం ఒకటి, తెర మీద ఉన్నది మరొకటి. నీరు వెలుతురును సమానంగా మింగదు. ముందుగా ఎరుపును మింగేస్తుంది. అయిదారు మీటర్లు దిగేసరికే ఎరుపు చాలావరకు పోతుంది, ఆపైన నారింజ, పసుపు వరస కడతాయి. లోతు ఒక్కటే లెక్క కాదు. చేపకూ కెమెరాకూ మధ్య ఉన్న నీరు కూడా మింగుతూనే ఉంటుంది. అందుకే రెండు మీటర్ల దూరం నుంచి తీసిన చేప వెలిసిన గుడ్డలా ఉంటుంది. టీజీ-6లో నీటి అడుగు కోసం మూడు వైట్ బ్యాలెన్స్ (రంగులను సరిచేసే) అమరికలున్నాయి: తక్కువ లోతుకు, మధ్య లోతుకు, ఎక్కువ లోతుకు. పది మీటర్ల లోపు అవి నిజంగా పనిచేస్తాయి. రా ఫైలు ఉంటే ఇంటికి వచ్చాక మరికొంత సర్దుకోవచ్చు. కానీ 18 మీటర్ల దగ్గర అసలు చేరని ఎరుపును ఏ అమరికా పుట్టించలేదు.

అప్పుడు స్ట్రోబ్ కొన్నాను. అంటే హౌసింగు పక్కన కడ్డీకి బిగించే పెద్ద ఫ్లాష్. ఒక రాతి పగులులో లయన్ ఫిష్ కనబడింది. కంటికి బూడిద, గోధుమ రంగు చారలే. ఫ్లాష్ మెరిసింది, తెర మీద చూస్తే ఇటుక ఎరుపు! రెక్కల మీద తెల్లటి గీతలు ముగ్గు వేసినంత స్పష్టంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ దాని పక్కనుంచే ఈదుతూ దాని రంగు ఏమిటో తెలియకుండా తిరిగానని అప్పుడు అర్థమైంది. నన్నడిగితే ఈ కెమెరాతో పాటు స్ట్రోబ్ కూడా కొనగలిగే దాకా డబ్బు కూడబెట్టుకోండి. హౌసింగు, స్ట్రోబ్, దాన్ని పట్టే కడ్డీల ఖర్చు కలిపితే కెమెరా ధరను మించిపోతుంది. ముందే తెలిస్తే గుండె గుభేలుమనదు.

స్ట్రోబ్ వచ్చాక కొత్త కష్టం మొదలైంది. విశాఖ నీళ్లలో సన్నటి బురద, పాచి రేణువులు ఎప్పుడూ తేలుతుంటాయి. తుపాను గాలుల తర్వాత అయితే చాచిన చేతి వేళ్లు కూడా మసకగా కనిపిస్తాయి. అలాంటి నీటిలో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉండి వెలిగితే మధ్యలో ఉన్న ప్రతి నలుసూ మెరిసి, ఫొటో మీద రవ్వ చల్లినట్టు ఉంటుంది. రుషికొండలో ఏడెనిమిది డైవుల ఫొటోలు నాకు అలా పాడయ్యాయి. స్ట్రోబ్‌ను లెన్స్‌కు దూరంగా జరిపి, కొద్దిగా బయటి వైపు తిప్పి, వెలుగు మధ్యభాగం కాకుండా దాని అంచు మాత్రమే ప్రాణి మీద పడేట్టు చూడాలి. ఇంకో తికమక ఉంది. నీటిలో వస్తువులు ఉన్నదానికన్నా పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. కంటికి కనబడిన చోటికి స్ట్రోబ్ గురిపెడితే వెలుగు ముందే వాలిపోతుంది. గురి కనబడిన చోటికి కాస్త అవతల ఉండాలి. ఈ ఒక్క విషయం చేతికి పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది. తేట నీటి కోసం అండమాన్ దాకా వెళ్లలేనివారు దిగులుపడనక్కర్లేదు. విశాఖలో చిన్న ప్రాణులకు కొదవ లేదు, మధ్యలో నీరు అరచేతి మందమే ఉంటే మడ్డి ఏమీ చేయలేదు.

ఈ కెమెరా నాకిచ్చిన అన్నిటిలో అపురూపమైనది క్లౌన్ చేప గుడ్లు. స్వరాజ్ ద్వీప్‌లో పన్నెండు మీటర్ల లోతున ఒక ఎనిమోన్ ఉంది, క్లౌన్ చేపలు ఆశ్రయం పొందే పువ్వులాంటి ప్రాణి. దాని పాదం దగ్గర, రాతి మీద, నారింజ రంగు పొర ఒకటి కనబడింది. కంటికి తుప్పు మరకలా ఉంది. మైక్రోస్కోప్ మోడ్‌లో చూస్తే అది పొర కాదు, నిలబెట్టి అతికించిన వందల గుడ్లు, ఒక్కొక్కటి రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు. మగ చేప వాటిని వదలదు. రెక్కలతో విసురుతుంది, నోటితో తుడుస్తుంది, నా హౌసింగు అద్దాన్ని వచ్చి పొడిచి మళ్లీ గుడ్ల దగ్గరికి వెళ్తుంది. అయిదు రోజుల తర్వాత అదే చోటికి మళ్లీ దిగాను. నారింజ రంగు పోయింది. మరక వెండి రంగులో మెరుస్తోంది. దగ్గరగా చూస్తే ఆ వెండి అంతా కళ్లు. ప్రతి గుడ్డులోనూ రెండు కళ్లు, నల్లటి చుక్క చుట్టూ వెండి వలయం. అన్నీ బయటికి చూస్తున్నాయి. ఇంకో రెండు మూడు రోజుల్లో పిల్లలు బయటపడతాయి. ఆ ఫొటోలో నూరు శాతం పెంచి చూసినా కంటి వలయం చెదరదు. ఇంత చిన్న సెన్సర్ నుంచి ఆ వివరం రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అక్కడ నేనున్నది మూడు నిమిషాలు, ఫ్లాష్ మెరిసింది ఆరుసార్లు. తండ్రి కంగారు పెరుగుతోందని తెలిసి వచ్చేశాను.

ఇక లోట్లు. పూర్తి మాన్యువల్ మోడ్ లేదు. షట్టర్ వేగం మన చేతిలో ఉండదు. లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో ఎంచుకునే ఎపర్చర్ మోడ్ ఉన్నా, జూమ్ చేయనప్పుడు మూడే మెట్లు: 2.0, 2.8, 8. ఆ 8 కూడా నిజంగా లెన్స్ కన్ను చిన్నది చేయడం కాదు, లోపల నల్ల ఫిల్టర్ అడ్డుపెట్టడం. కాబట్టి దానివల్ల ఫోకస్ లోతు పెరగదు, వెలుగు మాత్రమే తగ్గుతుంది. వెనకున్న నీళ్లు నల్లగా, ముందున్న ప్రాణి వెలుగులో రావాలంటే నేను దాన్నే వాడుకుంటాను, దానికి తోడు ఎక్స్‌పోజర్‌ను రెండు మెట్లు తగ్గిస్తాను. మంచి ఫలితమే వస్తుంది, కానీ ఫొటోగ్రఫీ శాస్త్రీయంగా నేర్చుకోవాలనేవారికి చేతులు కట్టేసినట్టుంటుంది. వెలుతురుకు సెన్సర్ ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ 400 దాటితే నీలి నీళ్లలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. స్ట్రోబ్‌ను వెలిగించడానికి కెమెరా సొంత ఫ్లాష్ మెరవాలి కాబట్టి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఒక్కో ఫొటోకూ మధ్య ఎదురుచూపు ఉంటుంది. రెండు డైవులకు ఒక బ్యాటరీ అని లెక్క పెట్టుకుని మూడు వెంట ఉంచుకుంటాను. వేర్వేరు చోట్ల ఫోకస్ చేసి తీసిన ఫొటోలను ఒకటిగా కలిపే ఫోకస్ స్టాకింగ్ అనే సదుపాయం గురించి పెట్టె మీద గొప్పగా చెప్పారు. గది బల్ల మీద పువ్వుకు అది బాగుంటుంది. ఊగే నీటిలో, ఊగే మనిషి చేతిలో, కదిలే ప్రాణికి దాని ఉపయోగం సున్నా.

తిమింగలం సొర వస్తుందని ఆశపడి నేత్రాణి వెళ్లిన మూడుసార్లూ అది రాలేదు. వచ్చిన బరాకుడా గుంపును కూడా ఇది నీలి తెర మీద గీసిన గీతల్లా చూపించింది. ముందు తగిలించే వైడ్ లెన్స్ ఉంటే కొంత మేలు. కొని, బరువు మోయలేక మిత్రుడికి ఇచ్చేశాను.

నీళ్లు చొరబడిన కథ చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. 2022లో షహీద్ ద్వీప్ దగ్గర, రోజులో మొదటి డైవు. పదకొండు మీటర్ల దగ్గర హౌసింగు మూల నుంచి ముత్యాల సరంలా బుడగలు. అద్దం అడుగున సన్నటి నీటి గీత, చూస్తుండగానే పైకి పాకుతోంది. గుండె గొంతులోకి వచ్చింది. అయినా పైకి పరుగెత్తకూడదు. తోటి డైవరుకు సైగ చేసి, మామూలు వేగంతోనే ఎక్కి, ప్రతి డైవులో లాగే భద్రత కోసం అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాను. ఆ మూడు నిమిషాల్లో నీరు లెన్స్ దాకా వచ్చింది. బోటు నడిపే ఆయన పూర్వీకులు శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వచ్చి స్థిరపడినవారు. హౌసింగు చూసి ఏమీ అడగకుండా తాగే నీళ్ల క్యాను నా వైపు తోశాడు. "ముందు మంచినీళ్లలో ముంచండి బాబూ, ఉప్పు ఆరనివ్వకండి" అన్నాడు. కెమెరా బతికింది. దానికదే 15 మీటర్ల వరకు నీటిని తట్టుకునేది కావడం, బ్యాటరీ తలుపుకు ఉన్న రెండు గొళ్లేలూ నేను సరిగ్గా వేసి ఉండటం దాన్ని కాపాడాయి. అదే 25 మీటర్ల దగ్గర జరిగి ఉంటే ఆశ వదులుకోవలసిందే. నీటిని తట్టుకోని కెమెరా అయి ఉంటే పదకొండు మీటర్లకే పోయేది. దీని మీద నాకున్న నమ్మకానికి సగం కారణం ఆ రోజే.

తప్పు పూర్తిగా నాదే. హౌసింగు మూతలోంచి నీరు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ మీద తువ్వాలు నుంచి ఊడిన తెల్లటి నూలు పోగు ఒకటి, వెంట్రుక మందం కూడా లేదు. అప్పటి నుంచి హౌసింగు మూసే పని రాత్రే, ఫ్యాను ఆపి, ఎవరితోనూ మాట్లాడకుండా చేస్తాను. రింగు తీసి, వేళ్ల మధ్య నెమ్మదిగా లాగుతూ తడిమితే కంటికి కనబడనిది కూడా వేలికి తగులుతుంది. గ్రీజు బియ్యపు గింజంత చాలు. రింగు మెరవాలి తప్ప జిడ్డు పేరుకోకూడదు. దానితో వచ్చిన గ్రీజు తప్ప వేరేది రాయకండి, రబ్బరు ఉబ్బిపోవచ్చు. ఏసీ గదిలో పొడి గాలిలో మూసి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెడితే అద్దం మీద ఆవిరి పట్టదు. డైవు అయ్యాక మంచినీటిలో అరగంట నానబెట్టి, ఆ నీటిలోనే ప్రతి బటనూ పదిసార్లు నొక్కాలి.

కెమెరా కొనడానికి ముందు మీ తేలిక ఎలా ఉందో చూసుకోండి. అంటే పైకి తేలకుండా, కిందికి కుంగకుండా ఒకే చోట నిలబడగలగడం. నేను తొందరపడి 31 డైవులకే మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఒక ఫొటో కోసం ముందుకు వంగి, వెనక కాలికి తొడిగిన ఫిన్‌తో (ఈత రెక్కతో) కొమ్ముల పగడం కొన విరిచాను. ఆ ముక్క ఇసుకలో పడటం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. 2010లో, 2016లో వేడికి తెల్లబారి దెబ్బతిన్న అండమాన్ పగడాలవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికీ, సముద్రపు గుర్రాలకూ రక్షణ ఇస్తోంది. ఆ తర్వాత ఆరు నెలలు కెమెరాను గదిలోనే వదిలి, ఇసుక మీద అరడుగు ఎత్తులో కదలకుండా నిలబడటం సాధన చేశాను. ఇంకో ప్రమాదం ఊపిరిది. నేల మీద ఫొటో తీసేటప్పుడు మనం ఊపిరి బిగబడతాం. సిలిండర్ గాలి పీల్చేవారు ఎన్నడూ అలా చేయకూడదు. కొద్దిగా పైకి తేలినా ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. ఊపిరి వదిలిన చివర, మళ్లీ పీల్చడానికి ముందు సహజంగా వచ్చే క్షణంలో బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి. తెర చూస్తూ గాలి ఎంత మిగిలిందో మరిచిపోయినవారిని చూశాను. నేను ప్రతి అయిదు ఫొటోలకు ఒకసారి గేజి చూస్తాను.

ఒక గైడు నాకు మంచి ఫొటో రావాలని కర్రతో ఆక్టోపస్‌ను కన్నంలోంచి బయటికి తీయబోయాడు. వద్దని చేత్తో అడ్డుపెట్టాను. తర్వాత పడవ మీద ఆయన చిన్నబుచ్చుకున్నాడు కూడా. అలాంటి ఫొటోలో ఆక్టోపస్ రంగు పాలిపోయి ఉంటుంది. తెలిసినవారెవరికైనా అది భయమని కనబడిపోతుంది.

2023లో దీని తర్వాతిది టీజీ-7 వచ్చింది. మిత్రుడి దగ్గర నాలుగు డైవులు వాడి చూశాను. చార్జింగు తీగ మారింది, ఫొటోల్లో చెప్పుకోదగ్గ తేడా నాకు కనబడలేదు. పీటీ-059 హౌసింగే దానికీ సరిపోతుంది. కొత్తగా కొనేవారు అదే కొనుక్కోవచ్చు, నాలా టీజీ-6 ఉన్నవారు మార్చనక్కర్లేదు. వాడినది తక్కువకు దొరికితే తలుపుల లోపలి రబ్బరు అంచులను గోటితో తడిమి చూడండి, పగుళ్లు ఉంటే వదిలేయండి. హౌసింగును ఖాళీగా, లోపల పొడి కాగితం పెట్టి, ఒక డైవుకు తీసుకెళ్లండి. కాగితం పొడిగా తిరిగి వస్తేనే డబ్బు ఇవ్వండి.