నీళ్లు కారిన సన్‌రూఫ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

సన్‌రూఫ్, అంటే పైకప్పులో తెరుచుకునే అద్దం, ఉన్న కారు నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. మొదట్లో ఎంత వాన పడినా ఒక్క చుక్క లోపలికి రాలేదు. తర్వాత ఒక వానాకాలంలో డ్రైవర్ పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా తగలడం మొదలైంది. పైన రూఫ్ లైనింగ్, అంటే పైకప్పుకు లోపలివైపు ఉండే పొర, మాత్రం పొడిగానే ఉంది. పొద్దున్నే అద్దాలన్నీ లోపలివైపు ఆవిరి పట్టేవి, తలుపు తీయగానే ముక్కిన వాసన. కొన్నాళ్లకు బ్రేక్ వేసినప్పుడల్లా లోపలి లైటు పక్కనుంచి చుక్కలు రాలడం మొదలైంది. దాంతో నీళ్లు సన్‌రూఫ్ నుంచే వస్తున్నాయని తేలిపోయింది.

సర్వీస్ సెంటర్‌లో రబ్బరు బీడింగ్ పోయిందన్నారు, మార్చారు. తర్వాతి పెద్ద వానకే మళ్లీ అదే తడి. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. సన్‌రూఫ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు మొదట రబ్బరు జోలికి వెళ్లరు.

అద్దం చుట్టూ ఉండే ఆ రబ్బరు నీటిని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. కొంత నీరు దాన్ని దాటి రావడం మామూలే. ఆ నీటిని పట్టుకోవడానికి అద్దం కింద ఫ్రేమ్ చుట్టూ ఒక గాడి ఉంటుంది. చాలా కార్లలో ఆ గాడి నాలుగు మూలల్లో రంధ్రాలు, వాటికి సన్నటి డ్రెయిన్ పైపులు ఉంటాయి. ముందు పైపులు ముందు అద్దానికి అటూ ఇటూ ఉన్న పిల్లర్లలోంచి దిగి ముందు తలుపు కీళ్ల దగ్గరో, ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) లోపలో బయటపడతాయి. వెనకవి వెనక పిల్లర్లలోంచి దిగి బంపర్ వైపో, చక్రం వైపో వస్తాయి. దుమ్ము, పుప్పొడి, ఎండుటాకుల ముక్కలు చేరి ఇవి మూసుకుపోతే గాడి నిండుతుంది. ఇంటి డాబా మీద తూము పూడుకుపోయినట్టే, నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. కారును వాలులో ఆపితే నీరంతా ఒకే మూలకు చేరుతుంది కాబట్టి, ఒకచోట ఆపినప్పుడు కారేది ఇంకోచోట ఆపితే కారకపోవచ్చు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. సన్‌రూఫ్ తెరిచి, చిన్న సీసాతో ఒక్కో మూలలో కొద్దికొద్దిగా నీళ్లు పోసి కారు కింద చూడాలి. దారి బాగుంటే కాసేపట్లోనే నేల మీద ధార కనిపిస్తుంది. నా కారులో మూడు మూలలు బాగానే ఉన్నాయి. ముందు ఎడమ మూలలో మాత్రం నీళ్లు కదలకుండా నిలబడిపోయాయి.

శుభ్రం చేయడంలోనే అసలు జాగ్రత్త కావాలి. గట్టి ఇనుప తీగ వద్దు, అది పైపును చీల్చేస్తుంది. ఎయిర్ కంప్రెసర్‌తో గట్టిగా గాలి కొడితే రూఫ్ లైనింగ్ వెనక పైపు ఊడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు రూఫ్ లైనింగ్ దించక తప్పదు, అది పెద్ద పని. నేను గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ తీసుకున్నాను. దాని కొసను కొద్దిగా వేడిచేసి గుండ్రంగా చేసి, పైనుంచి మెల్లగా తిప్పుతూ దించాను. ఎక్కడైనా అడ్డం తగిలితే బలం పెట్టకుండా వెనక్కి లాగి మళ్లీ దించాలి. చాలా కార్లలో పైపు కింది కొసకు చీలిక ఉన్న రబ్బరు మూత ఉంటుంది. నా కారులో బురదంతా అక్కడే గట్టిపడి ఉంది. దాన్ని వేళ్లతో నలిపితే నల్లటి నీళ్లు ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

అంతటితో కారడం ఆగింది కానీ పని అయిపోలేదు. కార్పెట్ పైన ఆరినట్టు కనిపిస్తుంది, దాని అడుగునున్న స్పాంజి మాత్రం నీటిని వదలదు. దాన్ని ఎత్తి, కింద గాలి ఆడేలా పెట్టి, పూర్తిగా ఆరబెట్టాకే వాసన పోయింది. కొన్ని కార్లలో వైరింగ్ కనెక్టర్లు, కంట్రోల్ యూనిట్లు ఆ కార్పెట్ కిందే ఉంటాయి. అందుకే ఈ తడిని తేలిగ్గా తీసుకోకూడదని గట్టిగా చెబుతున్నాను.

అద్దం చుట్టూ సిలికాన్ సీలెంట్ పూసేయమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సన్‌రూఫ్ ఇక తెరుచుకోదు, మూసుకున్న పైపు మూసుకునే ఉంటుంది, ఏ సందులోంచి వచ్చినా ఆ నీరు లోపలే నిలుస్తుంది.

ఇంకో మాట. కాళ్ల దగ్గర తడి ఉన్నంత మాత్రాన సన్‌రూఫ్‌నే అనుమానించనక్కర్లేదు. వాన లేని రోజున ఏసీ వేసినప్పుడే తడి వస్తుంటే ఏసీ నీళ్ల పైపు మూసుకుని ఉండొచ్చు. తడి జిడ్డుగా, తీపి వాసనతో ఉంటే అది కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

అప్పటినుంచి వానలు మొదలయ్యే ముందు గాడిని తడిగుడ్డతో తుడిచి, మూలల్లో నీళ్లు పోసి చూస్తున్నాను. రబ్బరుకు సిలికాన్ గ్రీజు పలచగా రాస్తున్నాను. పెట్రోలియం జెల్లీ లాంటివి కొన్నిరకాల రబ్బరును ఉబ్బిస్తాయి కాబట్టి వాటిని వాడను. ప్రెషర్ వాషర్‌ను అంచుల మీదకి కొట్టనివ్వను. మళ్లీ ఒక్క చుక్క రాలేదు. చలికాలం పొద్దుటి ఎండలో, చల్లటి సాయంత్రాల్లో ఆ సన్‌రూఫ్ ఇచ్చే ఆనందం నాకు ఇంకా ఇష్టమే. తర్వాతి కారుకీ సన్‌రూఫ్ కావాలి, చిన్నదే కావాలి. పైకప్పులో చాలా భాగం పరుచుకునే పనోరమిక్ సన్‌రూఫ్‌లో అద్దం పెద్దది, ఫ్రేమ్ పెద్దది, ఏదైనా తేడా వస్తే విప్పాల్సిన పనీ పెద్దదే.

సన్‌రూఫ్ ఉన్న పాత కారు కొనేవాళ్లు మ్యాట్లు తీసి కార్పెట్‌ను అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. స్టెప్నీ ఉండే గుంతలో నీళ్లు, తుప్పు ఉన్నాయేమో చూడండి, వెనక పైపులు మూసుకుంటే నీరు అక్కడికి చేరే అవకాశం ఎక్కువ. సీటు పట్టాలకు తుప్పు, లైనింగ్ మూలల్లో గోధుమరంగు మరక ఉన్నాయేమో కూడా గమనించండి. ఆ తర్వాత నాలుగు మూలల్లో కాసిన్ని నీళ్లు పోసి చూస్తామని అడగండి. అమ్మేవాళ్లు వద్దంటే నేనైతే ఆ కారు కొనను.